నాలుగు గోడల్లో మూడు పక్కింటివే

ఇంగ్లండ్‌లో అద్దె ఇల్లు అనగానే మనవాళ్ల కళ్ల ముందు రెండు బొమ్మలు కదులుతాయి. ఒకటి, లండన్‌లో అద్దాల అపార్ట్‌మెంట్. రెండు, ముందు పచ్చగడ్డి, వెనక తోట ఉన్న సినిమా ఇల్లు. నేను ఉంటున్నది ఈ రెండింట్లోనూ కాదు. లీడ్స్ నగరంలో హైడ్ పార్క్ అనే చిన్న పేట. అందులో పెరడు, వెనక తలుపు, వెనక కిటికీ ఏవీ లేని ఇటుక ఇల్లు. వెనక గోడ ఉంది గానీ అది మా ఒక్కరిదే కాదు. అవతలి వీధిలో ఉన్నవాళ్లకీ అదే వెనక గోడ.

ఇలాంటి ఇళ్లను ఇక్కడ ‘బ్యాక్ టు బ్యాక్’ అంటారు. రెండు వరసల ఇళ్లు వీపు వీపు ఆనించుకుని కూర్చున్నట్టు ఉంటాయి. మా తలుపు ఒక వీధిలోకి తెరుచుకుంటుంది, మా వెనకింటి తలుపు ఇంకో వీధిలోకి. కుడి గోడ ఒకరితో, ఎడమ గోడ మరొకరితో, వెనక గోడ ఇంకొకరితో పంచుకోవాలి. మనకంటూ మిగిలేది వీధి వైపు గోడ ఒక్కటే. తలుపూ కిటికీలూ అన్నీ దానికే. ఇల్లు మాత్రం నిలువుగా పైకి పోతుంది. కింద నేలమాళిగ, దాని మీద వంటా హాలూ కలిసిన గది, ఆ పైన ఒక పడగ్గది, బాత్‌రూమ్, అన్నిటికన్నా పైన ఏటవాలు కప్పు కింద ఇంకో గది. రోజుకి ఇరవైసార్లు మెట్లెక్కి దిగాల్సిందే. జిమ్ ఫీజు మిగిలింది అనుకోవాలి.

పందొమ్మిదో శతాబ్దంలో మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనికి వచ్చినవాళ్ల కోసం తక్కువ స్థలంలో ఎక్కువ ఇళ్లు ఇరికించడానికి పుట్టిన డిజైన్ ఇది. ఒకవైపు నుంచి గాలి వచ్చి ఇంకోవైపు నుంచి పోయే దారి లేదు కాబట్టి ఆరోగ్యానికి మంచిది కాదని 1909లో చట్టం చేసి కొత్తవి కట్టకుండా ఆపారు. లీడ్స్ మాత్రం అప్పటికే అనుమతి తీసుకున్న ప్లాన్లు చూపించి 1937 దాకా కడుతూనే ఉంది. మిగతా నగరాలు వీటిని చాలావరకు కూల్చేశాయి. బర్మింగ్‌హామ్‌లో మిగిలిన చివరి బ్యాక్ టు బ్యాక్ వాడను నేషనల్ ట్రస్ట్ మ్యూజియంగా మార్చి 2004లో తెరిచింది. అక్కడ టికెట్ కొనుక్కుని వెళ్లి, ‘అయ్యో, ఇలాంటి ఇళ్లలో ఎలా బతికారో’ అనుకుని వస్తారు. లీడ్స్‌లో అలాంటివి ఇంకా వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో మేం నెలనెలా అద్దె కట్టి బతుకుతున్నాం.

పేట చిన్నది, లోకం పెద్దది

హైడ్ పార్క్ పేరు విని లండన్ పార్కు అనుకోకండి. ఇది లీడ్స్‌లో యూనివర్సిటీకి, హెడింగ్లీకి మధ్య ఉన్న ఎర్ర ఇటుకల పేట. పిన్‌కోడ్ ఎల్‌ఎస్‌6. పక్కనే వుడ్‌హౌస్ మూర్ అనే పెద్ద మైదానం. కాస్త ఎండ వస్తే చాలు, ఊరు ఊరంతా అక్కడే దొర్లుతుంది.

వీధుల పేర్లతో కొత్తవాళ్లకి చుక్కలే. హెరాల్డ్ రోడ్, హెరాల్డ్ స్ట్రీట్, హెరాల్డ్ టెర్రస్, హెరాల్డ్ గ్రోవ్, హెరాల్డ్ మౌంట్, హెరాల్డ్ వ్యూ, హెరాల్డ్ వాక్. అన్నీ పక్కపక్కనే. అక్కడ ఉండే ఫ్రెండ్ బిర్యానీ ఆర్డర్ చేస్తే అది ఏ హెరాల్డ్ దగ్గర దిగుతుందో దేవుడికే తెలియాలి.

బ్రుడెనెల్ రోడ్ మీద 1914లో మొదలైన హైడ్ పార్క్ పిక్చర్ హౌస్ ఉంది. హాల్లో గ్యాస్ దీపాలు ఇప్పటికీ వెలుగుతాయి. మరమ్మతులు చేసి 2023లో మళ్లీ తెరిచారు. కొంచెం దూరంలో 1913 నాటి బ్రుడెనెల్ సోషల్ క్లబ్. కార్మికుల క్లబ్బుగా మొదలై, ఇప్పుడు దేశమంతా పేరున్న మ్యూజిక్ వేదిక అయింది. అలెగ్జాండ్రా రోడ్‌లో హిందూ మందిరం. పండగపూట అక్కడికి వెళ్తే తెలుగు చెవిన పడుతుంది. ఉడ్స్‌లీ రోడ్‌లో ఒకప్పటి చర్చి ఇప్పుడు లీడ్స్ గ్రాండ్ మాస్క్. వెళ్లే దారిలోనే హలాల్ షాపుల్లో కరివేపాకు, పచ్చిమిర్చి దొరుకుతాయి. మన బతుక్కి ఇంకేం కావాలి?

జనాల్లో సగం మంది సూట్‌కేసుల మీద ఉన్నట్టే ఉంటారు. స్టూడెంట్ ఇళ్ల అగ్రిమెంట్లు చాలావరకు జులై 1న మొదలై మరుసటి జూన్ ఆఖరుకి ముగుస్తూ వచ్చాయి. ఆ వారం పేటకి వచ్చి చూడండి. పరుపులు, సోఫాలు, కుర్చీలు, సగం వాడిన నూనె సీసాలు అన్నీ పేవ్‌మెంట్ల మీదే. ఒక తరం వెళ్లిపోతుంది, ఇంకో తరం దిగుతుంది. కుటుంబాలు తగ్గిపోయి పేటంతా షేరింగ్ ఇళ్లే అవుతున్నాయని, 2012 నుంచి ఈ ప్రాంతంలో మామూలు ఇంటిని షేరింగ్ ఇల్లుగా మార్చాలంటే కౌన్సిల్ ప్లానింగ్ అనుమతి తప్పనిసరి చేశారు.

మేం దిగిన రోజు ఎదురింటి పెద్దావిడ పలకరించింది. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. మొదటి ప్రశ్న: ‘ఎన్నాళ్లుంటారు?’ అప్పుడు అదోలా అనిపించింది. ఈ పేటలో అసలు ప్రశ్న అదేనని తర్వాత అర్థమైంది.

ఇల్లు దొరకాలంటే లెక్కలు రావాలి

ముందు అద్దె లెక్క. ఇక్కడి ప్రకటనల్లో చాలావరకు మనిషికి వారానికి ఇంత అని రాస్తారు. వారానికి 120 పౌండ్లు అంటే నెలకి 480 అని సంబరపడతాం. ఏడాదికి 52 వారాలు కదా. 120ని 52తో గుణించి 12తో భాగించండి. నెలకి 520. ఆ తేడాతో ఒకరి నెల కిరాణా వచ్చేస్తుంది.

మా ఇంటి అద్దె నెలకి 900 పౌండ్లు. నేనూ, మాస్టర్స్ చదివే ఖమ్మం కుర్రాడూ కలిసి తీసుకున్నాం. అడ్వాన్స్ మాట వచ్చేసరికి నాకు హైదరాబాద్, బెంగళూరు గుర్తొచ్చి గుండె దడదడలాడింది. ఇంగ్లండ్‌లో 2019 జూన్ నుంచి దానికి పరిమితి ఉంది. ఏడాది అద్దె 50 వేల పౌండ్ల లోపు ఉంటే, డిపాజిట్ ఐదు వారాల అద్దె మించకూడదు. మా లెక్కలో అది సుమారు 1,038 పౌండ్లు. ఇల్లు మన కోసం ఆపి ఉంచడానికి తీసుకునే హోల్డింగ్ డిపాజిట్ ఒక వారం అద్దె దాటకూడదు. ఏజెంట్ ‘అడ్మిన్ ఫీజు’, ‘రిఫరెన్స్ ఫీజు’ అని అడిగితే అది చట్టవిరుద్ధం.

ఆ డిపాజిట్ కూడా ఓనరు జేబులో ఉండకూడదు. 30 రోజుల్లోగా ప్రభుత్వం గుర్తించిన మూడు స్కీముల్లో ఒకదాంట్లో భద్రపరచి, ఆ వివరాలు మనకి ఇవ్వాలి. డిపాజిట్ ప్రొటెక్షన్ సర్వీస్, మైడిపాజిట్స్, టెనెన్సీ డిపాజిట్ స్కీమ్ అనేవి ఆ మూడు. అలా చేయకపోతే, డిపాజిట్‌కి ఒకటి నుంచి మూడు రెట్ల దాకా పరిహారం కోర్టులో అడగొచ్చు. ఖాళీ చేసేటప్పుడు గొడవొస్తే ఆ స్కీమ్ వాళ్లే ఉచితంగా తీర్పు చెప్తారు. వాళ్లు చూసేది ఆధారాలే. దిగిన రోజే ప్రతి గోడా, ప్రతి మూలా ఫోన్‌లో వీడియో తీసి ఏజెంట్‌కి ఈమెయిల్ చేసి పెట్టుకోండి. ఆ పది నిమిషాల పని తర్వాత ఎంతో డబ్బు కాపాడుతుంది.

ఇక ‘రైట్ టు రెంట్’. మనకి ఈ దేశంలో అద్దెకుండే హక్కు ఉందో లేదో ఓనరే చెక్ చేయాలి. ఇంగ్లండ్ అంతటా 2016 ఫిబ్రవరి నుంచి ఈ రూలు నడుస్తోంది. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో షేర్ కోడ్ తీసి ఇస్తే సరిపోతుంది. ఉద్యోగానికి ఇచ్చే కోడ్ వేరు, అద్దెకి ఇచ్చే కోడ్ వేరు. అద్దె కోడ్ ‘ఆర్’ అక్షరంతో మొదలవుతుంది, 90 రోజులు పనిచేస్తుంది.

మనవాళ్లకి అసలు గండం గ్యారంటర్. యూకేలో ఉద్యోగం చేసే మనిషి పూచీ ఉండాలంటారు. ఖమ్మంలో ఉన్న నాన్నగారు పనికిరారు. లేకపోతే ఆరు నెలల అద్దె ముందే కట్టమనేవారు. ఫీజు కట్టి, టికెట్ కొని, చేతిలో మిగిలింది కాస్తా అక్కడే ఊడ్చుకుపోయేది. 2025 అక్టోబర్ 27న చట్టమైన రెంటర్స్ రైట్స్ యాక్ట్ దీన్ని పట్టించుకుంది. దాని ప్రధాన నిబంధనలకి అమలు తేదీ 2026 మే 1. దాని ప్రకారం కొత్త ఒప్పందాల్లో నెల కన్నా ఎక్కువ అద్దె ముందుగా అడగకూడదు. ప్రకటించిన అద్దె కన్నా ఎక్కువకి వేలంపాట పెట్టకూడదు. అద్దె పెంపు ఏడాదికి ఒక్కసారే, అదీ రెండు నెలల నోటీసుతో.

పేరు లేని మనిషి

వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు మీరూ చూసే ఉంటారు. ‘తెలుగు బాయ్స్‌కి షేరింగ్ రూమ్, బిల్స్ అన్నీ కలిపి, వెంటనే దిగొచ్చు.’ దిగిన కొత్తలో అది దేవుడిచ్చిన వరంలా కనిపిస్తుంది. మన మాట, మన తిండి, నెలకి తక్కువ ఖర్చు. కానీ అగ్రిమెంట్‌లో మన పేరు లేకపోతే బ్యాంకుకి చూపించడానికి అడ్రస్ ప్రూఫ్ ఉండదు. డిపాజిట్ ఎక్కడుందో తెలీదు. పొమ్మంటే చట్టం చూపించి నిలబడడం చాలా కష్టం.

కొన్ని కొలతలు గుర్తుంచుకోండి. బంధుత్వం లేని ముగ్గురో అంతకన్నా ఎక్కువో ఒక ఇంట్లో వంటిల్లు, బాత్‌రూమ్ పంచుకుంటే దాన్ని హెచ్‌ఎంఓ అంటారు. ఐదుగురో అంతకన్నా ఎక్కువో ఉంటే ఓనరుకి కౌన్సిల్ లైసెన్స్ ఉండాలి. అలా లైసెన్స్ ఉన్న ఇంట్లో ఒక మనిషి పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లు, అంటే దాదాపు 70 చదరపు అడుగులు ఉండాలి. ఇద్దరికైతే 10.22, అంటే సుమారు 110. ‘సర్దుకుందాం బ్రో’ అని ఒక గదిలో నలుగురు పడుకుంటే ఇబ్బంది మన నడుముకే కాదు. పొగ కమ్మిన రోజు బయటపడే దారి ఒక్కటే ఉన్న బ్యాక్ టు బ్యాక్ ఇంట్లో అది ప్రాణాల మీదకి వస్తుంది.

ఇంకో తగాదా కౌన్సిల్ ట్యాక్స్. ఫుల్‌టైమ్ స్టూడెంట్లే ఉన్న ఇంటికి అది ఉండదు. అందులో ఒక్క ఉద్యోగి చేరితే బిల్లు వస్తుంది. పెద్దవాళ్లలో ఆ ఒక్కరే లెక్కలోకి వస్తారు కాబట్టి 25 శాతం తగ్గింపు అడగొచ్చు. మా ఇంట్లో బిల్లు నా పేరున వచ్చేది. కోర్సు అయిపోయిన రోజు నుంచి స్టూడెంట్ కూడా లెక్కలోకి వస్తాడు. ఈ విషయం ముందే మాట్లాడుకోని ఇళ్లలో స్నేహాలు చెడిపోవడం నేను చూశాను.

అటక గదిలో మచ్చ

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా ఇంటితో ఉండే కష్టాలు ఇంటితోనే ఉంటాయి. దిగిన ఏడాది నవంబర్‌లో పై గదిలో, వెనక గోడ మీద అరచేతంత గోధుమరంగు మచ్చ కనిపించింది. క్రిస్మస్ నాటికి అది పళ్లెమంత అయింది. అంచుల్లో నల్లటి బూజు. ఆ గది మా ఖమ్మం కుర్రాడిది. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉన్నవాడు. రాత్రుళ్లు దగ్గు మొదలైంది. ఇన్‌హేలర్ దిండు కిందకి చేరింది.

ఏజెంట్‌కి ఫొటోలతో ఈమెయిల్ పెట్టాం. వారం తర్వాత జవాబొచ్చింది. మీరు ఎక్కువగా వండుతారు, బట్టలు ఇంట్లో ఆరేస్తారు, కిటికీలు తీయరు, కాబట్టి తేమ చేరింది, బ్లీచ్‌తో తుడుచుకోండి. సారాంశం అది. మన తిండి మీద, అలవాట్ల మీద నెట్టేశారన్నమాట.

నిజం చెప్పాలంటే ఆ మాటలో కొంత అర్థముంది. లీడ్స్ చలికాలంలో బట్టలు బయట ఆరవు. అన్నం, పప్పు ఉడికితే ఆవిరి వస్తుంది. ఆ ఆవిరి చల్లటి చోట నీరై బూజు పడుతుంది. దాన్ని కండెన్సేషన్ అంటారు. కానీ అది ముందు పట్టేది ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే చోట. అంటే కిటికీ అద్దాలు, వీధి వైపు గోడ, దాని మూలలు. మా మచ్చ ఉన్నది వెనక గోడకి. దాని అవతల ఇంకొకరి వెచ్చటి ఇల్లుంది. పైగా వంటిల్లు రెండంతస్తుల కింద ఉంది. అంత దూరం ఎక్కిన ఆవిరి దారిలో కిటికీలన్నీ వదిలేసి ఆ ఒక్క చోటే ఎందుకు కూర్చుంటుంది?

సాఫ్ట్‌వేర్‌లో బగ్ దొరక్కపోతే ముందు లాగ్ పెడతాం. ఇక్కడా అదే చేశాను. పది పౌండ్లు పెట్టి తేమ కొలిచే చిన్న మీటరు కొన్నాను. ఎక్సెల్ షీట్‌లో రోజూ రాయడం మొదలుపెట్టాం. వాన పడిందా, ఏం వండాం, బట్టలు ఆరేశామా, కిటికీ ఎంతసేపు తీశాం, గదిలో తేమ ఎంత. మచ్చ అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేశాం. ఆరు వారాలు. బిర్యానీ వండిన రోజులకీ మచ్చకీ సంబంధం కనిపించలేదు. గట్టిగా వాన పడిన మరుసటి రోజు మాత్రం గీత దాటేది. కొత్త సంవత్సరానికి మేమిద్దరం నాలుగు రోజులు లండన్ వెళ్లాం. ఇంట్లో పొయ్యి వెలగలేదు, బట్ట ఆరలేదు. లీడ్స్‌లో వాన కురిసింది. తిరిగొచ్చి చూస్తే మచ్చ గీతకి రెండంగుళాలు బయట ఉంది.

‘అన్నా, ఇల్లు మారిపోదాం’ అన్నాడు మావాడు. మారడమంటే మళ్లీ డిపాజిట్, మళ్లీ వ్యాను, వాడికి పరీక్షల ముందు. అదీ కాక, మేం పోతే జులైలో ఇంకొకరు వచ్చి అదే గోడ పక్కన మంచం వేసుకుంటారు. మచ్చ మీద మాత్రం కొత్త రంగు ఉంటుంది. మాకు ముందున్నవాళ్లకీ అదే జరిగి ఉంటుందని గోడని దగ్గరగా చూస్తే తెలుస్తోంది. పాత రంగు మీద రంగు, దాని మీద ఇంకో రంగు.

గోడకి అవతల

వెనకింటి వాళ్లని అడిగితే? ఆలోచన తేలికగానే వచ్చింది. కానీ మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక్క ఇటుక గోడే అయినా, వాళ్ల తలుపు దగ్గరికి వెళ్లాలంటే మా వీధి చివరిదాకా నడిచి, తిరిగి, అవతలి వీధిలో ఇళ్లు లెక్కపెట్టుకుంటూ రావాలి. అన్ని నెలలుగా ఆ వీధిలో నేను ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. అక్కడ నాకేం పని?

తలుపు తీసిన పెద్దాయన తెల్లగడ్డంతో, శాలువాతో ఉన్నారు. కశ్మీర్ మీర్‌పూర్ నుంచి వచ్చిన కుటుంబం. సలాం చెప్పి, నా హైదరాబాదీ హిందీలో వెనకింట్లో ఉంటామన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. ‘అచ్ఛా, మూడు విజిల్స్ వాళ్లు మీరేనా బేటా?’ మా కుక్కర్ విజిల్ రోజూ రాత్రి ఎనిమిదింటికి గోడలోంచి వాళ్లకి వినిపిస్తోందట.

మెట్లెక్కి పైగదికి తీసుకెళ్లారు. అదే ఎత్తులో, అదే గోడకి అటువైపు, అదే మచ్చ.

ఛాయ్ తాగుతూ చెప్పారు. 1960ల్లో మంగ్లా డ్యామ్ కడితే మీర్‌పూర్ పాత ఊళ్లు నీళ్లలో మునిగాయి. అక్కడివాళ్లు చాలామంది ఇంగ్లండ్ మిల్లుల్లో పనికి వచ్చేశారు. వాళ్ల నాన్న అలా వచ్చినవారే. ముంపు అంటే ఏమిటో నాకు విడమరచి చెప్పక్కర్లేదు. శ్రీశైలం నీళ్లలో ఊళ్లు పోయిన కథలు వింటూ పెరిగినవాడినే. ఆ ఇల్లు ఆయన సొంతం, ముప్పై ఏళ్లకి పైగా ఉంటున్నారు. మచ్చ సంగతి మా వైపు వాళ్లకి చెబుదామని రెండుసార్లు వచ్చారట. వచ్చిన ప్రతిసారీ కొత్త మొహాలు. ‘ఓనరుని అడుగుతాం అంకుల్’ అని చెప్పినవాళ్లు జులైకల్లా వెళ్లిపోయేవాళ్లు. ‘ఆ ఇంటి నుంచి వచ్చి నా తలుపు కొట్టింది మీరే మొదటివాళ్లు’ అన్నారు.

ఆ మాట దగ్గర నాకు ఈ పేట మొత్తం అర్థమైనట్టు అనిపించింది. మన హక్కుల గురించి చట్టాలు చాలానే ఉన్నాయి. కానీ ఇంటి జబ్బు తెలిసినవాళ్లు గోడకి ఒక పక్క, ఓనరుని అడగాల్సినవాళ్లు ఇంకో పక్క ఉన్నారు. ఏడాదికోసారి అడగాల్సినవాళ్లు మారిపోతుంటే ఆ రెండూ ఎప్పటికీ కలవవు. కప్పు కారుతూనే ఉంటుంది, బిల్లు మాత్రం మన వంట మీద రాస్తారు.

అంకుల్ తన ఖర్చుతో కప్పు పనివాడిని పిలిపించారు. రెండు ఇళ్ల కప్పులు కలిసే చోట పొగగొట్టం ఉంది. దాని మొదట్లో నీళ్లు దిగకుండా వేసే సీసపు రేకు చిరిగి లేచిపోయింది. వాన నీరు నేరుగా మధ్య గోడలోకి దిగుతోంది. అతను పైనుంచి తీసిన ఫొటోలు, మా ఆరు వారాల షీటు, రెండు గదుల మచ్చల ఫొటోలు, అన్నీ కలిపి ఒకే ఈమెయిల్ పెట్టాం. కప్పు, గోడలు బాగు చేయించడం ఓనరు బాధ్యత అని 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్ చెబుతోందని, ఇల్లు మనిషి ఉండడానికి పనికొచ్చేలా ఉంచాలని 2018 చట్టం చెబుతోందని, పది రోజుల్లో పని మొదలు కాకపోతే కౌన్సిల్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ వాళ్లని పిలుస్తామని రాశాం. ఈసారి వంట మాట రాలేదు. తొమ్మిదో రోజు నిచ్చెన వచ్చింది.

గోడ పూర్తిగా ఆరడానికి వేసవి దాకా పట్టింది. అప్పటిదాకా మావాడు నా గదిలోనే పడుకున్నాడు. తర్వాత పాత ప్లాస్టర్ గీకి కొత్తది వేశారు.

ఇది మచ్చ గొడవ కాదు

రోచ్‌డేల్ అనే ఊరు మాకు రైల్లో గంట దూరం. అక్కడ 2020 డిసెంబర్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పిల్లాడు చనిపోయాడు. వాళ్ల ఫ్లాట్ నిండా బూజు. తండ్రి ఎన్నోసార్లు ఫిర్యాదు చేస్తే రంగు వేసుకోమన్నారు, మీ అలవాట్ల వల్లే అన్నారు. ఇంట్లోని బూజును ఎక్కువ కాలం పీల్చడం వల్ల వచ్చిన శ్వాసకోశ సమస్యతోనే ఆ పసివాడు చనిపోయాడని 2022 నవంబర్‌లో విచారణ తేల్చింది. ‘ఇది జీవనశైలి తప్పు కాదు’ అన్న అర్థం వచ్చే పేరుతోనే ఇక్కడి హౌసింగ్ ఆంబుడ్స్‌మన్ 2021లో తేమ, బూజు మీద ఒక నివేదిక ఇచ్చారు. చివరికి అవాబ్ పేరుతోనే చట్టం వచ్చింది. ప్రమాదకరమైన తేమ, బూజు మీద ఫిర్యాదు వస్తే గడువులోగా స్పందించి తీరాలన్న నిబంధన 2025 అక్టోబర్ 27 నుంచి సోషల్ హౌసింగ్‌కి మొదలైంది. దాన్ని ప్రైవేటు అద్దె ఇళ్లకీ వర్తింపజేసే దారి రెంటర్స్ రైట్స్ యాక్ట్‌లో ఉంది.

మనవాళ్లు ఫిర్యాదు చేయడానికి జంకేది రెండు భయాల వల్ల. ఒకటి, ఓనరు ఖాళీ చేయమంటాడేమోనని. ఇన్నాళ్లూ ఆ భయానికి కారణం ఉంది. సెక్షన్ 21 కింద ఏ కారణం చెప్పకుండా రెండు నెలల నోటీసిచ్చి పంపించేసే వీలుండేది. కొత్త చట్టం దాన్ని తీసేసింది. ఇకపై ఖాళీ చేయించాలంటే చట్టంలో రాసిన కారణం చూపించాలి. రెండోది వీసా భయం. కౌన్సిల్‌కి ఇంటి గురించి ఫిర్యాదు చేయడం ప్రభుత్వ సాయం తీసుకోవడం కింద రాదు. వాళ్లు వచ్చి గోడ చూసినంత మాత్రాన వీసాకి ఏమీ కాదు. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది బూజు గదుల్లో దగ్గుతూ పడుకుంటున్నారో.

వెళ్లేముందు ఒక వీధి ఎక్కువ నడవండి

ఈ మధ్య లీడ్స్ వచ్చే జూనియర్లు ఇల్లు చూసుకునేటప్పుడు నన్ను తీసుకెళ్తున్నారు. నేను చూసేవి ఇవే. వీలైతే వాన పడిన మరుసటి రోజే ఇల్లు చూడటం. అన్నిటికన్నా పైగదిలో, వెనక గోడ దగ్గర నిలబడి వాసన పీల్చడం. కొత్త రంగు ఒక్క చోటే వేసి ఉంటే ఎందుకని అడగడం. ఈపీసీ సర్టిఫికెట్‌లో గ్రేడ్ చూడటం. అద్దెకిచ్చే ఇల్లు మామూలుగా ‘ఈ’ కన్నా తక్కువ ఉండకూడదు. అంత ఉన్నా చలికాలం గ్యాస్ బిల్లు గట్టిగానే వస్తుంది. పాత ఇటుక గోడల మధ్య ఖాళీ ఉండదు, వేడి నిలవదు. అగ్రిమెంట్‌లో అందరి పేర్లూ ఉండేలా చూసుకోవడం.

ఇవన్నీ అయ్యాక ఏజెంట్‌ని పంపించేసి, వీధి చివరిదాకా నడిచి, తిరిగి వెనక వీధిలోకి వెళ్లమంటాను. ఇళ్లు లెక్కపెట్టుకుని ఆ తలుపు కొట్టి, ‘మీ వెనకింట్లో దిగుదాం అనుకుంటున్నాం, ఇల్లు ఎలా ఉంటుందండీ?’ అని అడగమంటాను. ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకని రివ్యూ అది. మొదట్లో అందరూ సిగ్గుపడతారు. కొట్టినవాళ్లలో కొందరికి తలుపు తీయలేదు, కొందరికి ముక్తసరి జవాబొచ్చింది. ఒకమ్మాయికి మాత్రం నేలమాళిగలోకి ఏటా నీళ్లొస్తాయని అటువైపు వాళ్లు చెప్పారు. ఆ ఇల్లు వద్దనుకుంది.

మావాడి కోర్సు అయిపోయింది. ఉద్యోగం దొరికి మాంచెస్టర్ వెళ్లిపోయాడు. వెళ్లేముందు ఆ ఎక్సెల్ షీటు, కప్పు ఫొటోలు, ఈమెయిళ్లు ఒక ఫోల్డర్‌లో పెట్టి, పై గదిలోకి కొత్తగా వచ్చిన కుర్రాడికి పంపించాడు. దానికి మొదటి పేజీలో వెనకింటి అంకుల్ నంబర్ ఉంది. రాత్రి ఎనిమిది దాటాక కుక్కర్ పెడితే ముందు చెప్పాలని కూడా రాశాడు. అంకుల్ వాళ్లింట్లో ఇప్పుడు పసిబిడ్డ ఉంది.